మేతలో ప్రోటీన్ అంతే ఉంది, గుడ్డు బరువు మాత్రం తగ్గింది: కోడి పేగుల్లో అమైనో ఆమ్లాల శోషణ

అనపర్తి లేయర్ రైతు

అందరికీ నమస్కారం. మాది లేయర్ ఫారం, మేత మేమే కలుపుకొంటాం. సోయా చెక్క ధర భరించలేక క్వింటాలు మేతలో పది కిలోల సోయా తీసేసి, ఆ స్థానంలో బియ్యం డీడీజీఎస్ వేయడం మొదలుపెట్టాం. ఇథనాల్ తయారీలో మిగిలే సరుకు అది. సరఫరాదారు ఇచ్చిన కాగితంలో ముడి ప్రోటీన్ 45 శాతం అని ఉంది. సోయాకు దాదాపు సమానమే. మొత్తం మేతకు లెక్క కట్టినా ప్రోటీన్ మునుపటిలాగే వచ్చింది.

కోళ్లు మేత బాగానే తింటున్నాయి. గుడ్ల సంఖ్యలోనూ పెద్ద తేడా లేదు. కానీ గుడ్డు బరువు మెల్లగా జారుతోంది, రెట్ట పలచబడింది, కేజ్‌ల కింద అమోనియా ఘాటు కళ్లు మండేంతగా ఉంటోంది. ప్రోటీన్ అంతే ఉన్నప్పుడు ఇలా ఎందుకు జరుగుతుంది? కోడి లోపలికి వెళ్లాక ఆ ప్రోటీన్ ఏమవుతోంది? ఎంత పెద్దగా రాసినా చదువుతాను, దయచేసి వివరంగా చెప్పండి.

మేతమిల్లు

రైతు గారూ, ముందు ఆ 45 అనే అంకె ఎలా వచ్చిందో చూడండి. ల్యాబ్‌లో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నమూనాలో ఉన్న నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. ప్రోటీన్‌లో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్న లెక్క మీద వచ్చిన గుణకం అది. ఆ నత్రజని మంచి ప్రోటీన్‌లోదా, మాడిపోయిన ప్రోటీన్‌లోదా, ఎవరో కలిపిన యూరియాలోదా అన్నది ఆ అంకె చెప్పదు. యూరియా కలిపిన సరుకు కూడా కాగితం మీద ఘనంగానే కనిపిస్తుంది. పశువుల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను వాడుకోగలవు, కోడికి అది ఎందుకూ పనికిరాదు.

మీ సరుకులో కల్తీ ఉందని నేను అనడం లేదు. కల్తీ లేకపోయినా తేడా వస్తుంది. కోడికి కావలసింది ప్రోటీన్ కాదు, అందులోని అమైనో ఆమ్లాలు. లైసిన్ అనే అమైనో ఆమ్లం బియ్యం ప్రోటీన్‌లో తక్కువ, సోయాలో ఎక్కువ. పైగా మేతలో ఉన్న లైసిన్ అంతా పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లదు. మేము ఫార్ములా వేసేటప్పుడు ముడి ప్రోటీన్ గడిని చివర చూస్తాం. ముందు చూసేది జీర్ణమయ్యే లైసిన్, జీర్ణమయ్యే మిథియోనిన్ ప్లస్ సిస్టీన్, థ్రియోనిన్.

పశువైద్యుడు, చిత్తూరు

కోడి లోపల ఏం జరుగుతుందన్న ప్రశ్నకు నేను జవాబిస్తాను. పోస్టుమార్టంలో రోజూ చూసే దారే కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను.

గొంతు కింద ఉన్న సంచిలో మేత నానుతుంది, అక్కడ ప్రోటీన్‌కు పెద్దగా ఏమీ కాదు. అసలు పని మొదలయ్యేది దాని తర్వాత వచ్చే గ్రంథి జీర్ణాశయంలో. మనలో ఆమ్లాన్ని ఒక రకం కణాలు, పెప్సినోజెన్‌ను మరో రకం కణాలు విడుదల చేస్తాయి. కోడిలో ఈ రెంటినీ ఒకే కణం ఇస్తుంది. ఆమ్లం తగలగానే పెప్సినోజెన్ పెప్సిన్ అవుతుంది, అంటే ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైము. కానీ మేత అక్కడ ఎక్కువసేపు నిలవదు కాబట్టి, పెప్సిన్ నిజంగా పనిచేసే చోటు కందనకాయ. అక్కడే రుబ్బడం, అక్కడే ఆమ్లంలో ప్రోటీన్ గొలుసులు విడిపోవడం. మరీ మెత్తటి పొడి మేత వేస్తే కందనకాయకు పని తగ్గి చిన్నదైపోతుంది, మేత సగం తయారై కిందికి జారిపోతుంది. లేయర్ మేతలో మొక్కజొన్న కాస్త బరకగా ఉండాలని మేము మొత్తుకునేది ఇందుకే.

తర్వాత ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం. కోడిని కోసినప్పుడు హెయిర్‌పిన్‌లా వంగిన పేగు ముడత, దాని మధ్య లేత గులాబీ రంగు పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీయే క్లోమం. క్లోమరసం, పైత్యరసం తెచ్చే నాళాలు ఆ ముడత చివర, పేగు పైకి తిరిగి వచ్చే చోట తెరుచుకుంటాయి. క్లోమం ట్రిప్సిన్ అనే ప్రోటీన్ కత్తిరించే ఎంజైమును నిద్రావస్థలో పంపుతుంది, పేగు గోడ మీద ఉన్న ఎంటెరోకైనేజ్ దాన్ని మేల్కొలుపుతుంది. మేల్కొన్న ట్రిప్సిన్ మిగతావాటిని, అంటే కైమోట్రిప్సిన్, ఎలాస్టేజ్, కార్బాక్సీపెప్టిడేజ్‌లను క్రియాశీలం చేస్తుంది. కోడి పేగు మేతను వెనక్కి కూడా తోస్తుంది. ఆంత్రమూలంలోని పదార్థం మళ్లీ కందనకాయలోకి వెళ్లి ఇంకోసారి నలిగి వస్తుంది. పేగు పొట్టిగా ఉన్నా జీర్ణం బాగా జరగడానికి ఇదొక కారణం.

ఆంత్రమూలంలో మేత ఉండేది కొద్ది నిమిషాలే. చిన్నపేగు మధ్య భాగమైన జెజునంలో గంటకు అటూ ఇటూ, చివరి భాగమైన ఇలియంలో అంతకంటే కాస్త ఎక్కువసేపు ఉంటుంది. అమైనో ఆమ్లాల్లో ఎక్కువ భాగం రక్తంలోకి వెళ్లేది జెజునంలో. మిగిలిపోయినదాన్ని ఇలియం ఏరుకుంటుంది. ఇలియం దాటితే కోడికి ఆ అమైనో ఆమ్లం దక్కనట్టే.

కడప బ్రాయిలర్

డాక్టర్ గారూ, చాలా బాగా చెప్పారు. ఒక సందేహం. ఇలియం దాటినా ఇంకా అంధనాళాలు (చివర మూసుకుపోయిన రెండు పేగు సంచులు) ఉన్నాయి కదా, అక్కడ పీల్చుకోదా? ఇంకొకటి, ఎంత జీర్ణమైందో తెలియాలంటే రెట్టను పరీక్ష చేయిస్తే సరిపోదా?

పరిశోధక విద్యార్థిని, పౌష్టికాహార విభాగం

ఇది నేను రోజూ చేసే పని కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెట్ట పరీక్షతో రెండు ఇబ్బందులు. కోడికి మలం, మూత్రం ఒకే ద్వారం నుంచి వస్తాయి. రెట్ట మీద కనిపించే తెల్లటి పూత యూరిక్ ఆమ్లం, అంటే శరీరం వాడి పారేసిన నత్రజని. అది జీర్ణం కాని ప్రోటీన్‌తో కలిసిపోతుంది. ఇక అంధనాళాల్లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. జీర్ణం కాకుండా అక్కడికి చేరిన అమైనో ఆమ్లాలను అవి తినేసి అమోనియా, అమైన్లు తయారు చేస్తాయి, తమ సొంత ప్రోటీన్‌నూ కట్టుకుంటాయి. కాబట్టి రెట్టలో లైసిన్ తక్కువ కనిపించిందంటే కోడి పీల్చుకుందని అర్థం కాదు, బ్యాక్టీరియా తిని ఉండవచ్చు. అక్కడి నుంచి కోడి కండకో గుడ్డుకో ఉపయోగపడేలా అమైనో ఆమ్లాలు వెనక్కి రావడం లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు.

అందుకే మేము ఇలియం చివరి భాగం నుంచి నమూనా తీస్తాం. జెజునం ఎక్కడ అయిపోయిందో కంటితో గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. పిల్లగా ఉన్నప్పుడు పచ్చసొన సంచి పేగుకు అతుక్కున్న చోట చిన్న బొడిపె మిగిలిపోతుంది, దాన్ని మెకెల్ డైవర్టిక్యులమ్ అంటారు. అక్కడి నుంచి అంధనాళాలు కలిసే చోటు వరకు ఇలియం. ఆ ముక్కను కత్తిరించి, స్వేదనజలంతో మెల్లగా తోసి, లోపలి పదార్థాన్ని వెంటనే గడ్డకట్టిస్తాం. గట్టిగా పిండితే గోడ కణాలు రాలి వాటి ప్రోటీన్ కూడా లెక్కలో పడుతుంది. మేతలో ముందే టైటానియం డయాక్సైడ్ కొద్దిగా కలిపి ఉంచుతాం. అది జీర్ణం కాదు, శోషణ చెందదు. మేతలో, ఇలియంలో దాని పాళ్లను పోల్చి ఎంత అమైనో ఆమ్లం మాయమైందో లెక్క కడతాం. పేగు తానుగా విడుదల చేసే ఎంజైములు, జిగురు, రాలిన కణాల వాటాను తీసేస్తే వచ్చేదే పట్టికల్లో ఉండే ప్రామాణిక ఇలియల్ జీర్ణత.

ఇప్పుడు గోడ దాటడం గురించి. పేగు లోపలి గోడ మీద చూషకాలు, వాటి మీద కణాలు, ఒక్కో కణం మీద మళ్లీ బ్రష్ కుచ్చులాంటి సూక్ష్మ చూషకాలు ఉంటాయి. ప్రోటీన్ మొత్తం ఒంటరి అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే లోపలికి వెళుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండు మూడు అమైనో ఆమ్లాలు కలిసిన ముక్కలుగా వెళ్లేది చాలానే ఉంది. వాటికి పెప్ట్-1 అనే వాహకం ఉంది. హైడ్రోజన్ అయాన్ల ప్రవాహం ఆసరాగా అది ఆ ముక్కలను లాక్కుంటుంది. ముక్కలో ఏ అమైనో ఆమ్లం ఉందన్న పట్టింపు దానికి తక్కువ. లోపలికి వెళ్లాక కణమే వాటిని విడగొట్టుకుంటుంది.

ఒంటరి అమైనో ఆమ్లాలకు వేరే వాహకాలు ఉన్నాయి. మిథియోనిన్, ల్యూసిన్ వంటి తటస్థమైనవి సోడియంతో జతకట్టి వెళతాయి. లైసిన్, ఆర్జినిన్, సిస్టీన్‌లది ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. లైసిన్ లోపలికి రావాలంటే కణం లోపలి నుంచి ఒక తటస్థ అమైనో ఆమ్లం బయటికి రావాలి. అంటే ల్యూసిన్ లాంటివి లోపల తగినంత లేకపోతే లైసిన్ ప్రయాణమూ మందగిస్తుంది. గ్లుటామేట్‌కు ఇంకో వాహకం ఉంది. లోపలికి వెళ్లిన గ్లుటామేట్‌లో చాలా భాగాన్ని పేగు కణాలే ఇంధనంగా కాల్చుకుంటాయి, రక్తానికి చేరేది కొద్దే. మిగతావి కణం అడుగు భాగం నుంచి బయటపడి, రక్తాన్ని కాలేయానికి చేర్చే పోర్టల్ సిరలోకి వెళతాయి.

ఈ ప్రయాణానికంతా ఖర్చు ఉంది. లోపలికి వచ్చిన సోడియంను కణం మళ్లీ బయటికి పంపు చేయాలి, దానికి శక్తి కావాలి. మేతలో ఉప్పు మరీ తగ్గించినప్పుడు కోడి ఎదుగుదల పడిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

అనపర్తి లేయర్ రైతు

ఇంత శ్రద్ధగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మా డీడీజీఎస్ గురించి ఒక వివరం చెప్పడం మరిచాను. మొదటి లోడు లేత గోధుమ రంగులో వచ్చింది. తర్వాతి లోడ్లు కాఫీ పొడి రంగులో ఉన్నాయి, గుప్పిట్లోకి తీసుకుంటే మాడిన అన్నం వాసన. కాగితంలో ప్రోటీన్ మాత్రం మారలేదు.

మేతమిల్లు

అదే అసలు సంగతి. ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే లైసిన్ పక్క కొమ్మ చక్కెరలతో అతుక్కుపోతుంది. మెయిలార్డ్ చర్య అంటారు. రొట్టె కాలినప్పుడు వచ్చే ఎర్రటి రంగు కూడా దానిదే. అలా అతుక్కున్న లైసిన్‌ను ట్రిప్సిన్ కత్తిరించలేదు. కత్తిరించినా వాహకం గుర్తించదు. ఒకవేళ రక్తంలోకి వెళ్లినా శరీరం వాడుకోలేదు. ల్యాబ్‌లో ఆమ్లంతో మరిగించి విశ్లేషిస్తే మాత్రం అందులో కొంత విడిపోయి మామూలు లైసిన్‌గా లెక్కకు వస్తుంది. కాగితం కొంత ఎక్కువ చూపిస్తుందన్నమాట.

ఒక లెక్క వేసి చూపిస్తాను. సోయా చెక్కలో లైసిన్ 2.8 శాతం, జీర్ణత 90 శాతం అనుకుందాం. పది కిలోల్లో జీర్ణమయ్యే లైసిన్ 252 గ్రాములు. మాడిన డీడీజీఎస్‌లో లైసిన్ 1.4 శాతం, జీర్ణత 65 శాతం అనుకుందాం (మీ సరుకుకు అసలు అంకె ల్యాబ్ చెప్పాలి). పది కిలోల్లో 91 గ్రాములే. తేడా క్వింటాలుకు 161 గ్రాములు. కోడి రోజుకు 110 గ్రాముల మేత తింటే ఒక్కో కోడికి రోజుకు 177 మిల్లీగ్రాముల లైసిన్ తగ్గింది. 1994 నాటి అమెరికా ఎన్‌ఆర్‌సీ (జాతీయ పరిశోధన మండలి) పట్టికలో తెల్లగుడ్డు లేయర్‌కు రోజుకు కావలసిన మొత్తం లైసిన్ 690 మిల్లీగ్రాములు. అందులో పావు వంతు మీరు తెలియకుండానే కోసేశారు. గుడ్డు బరువు జారక ఏమవుతుంది?

పూడ్చాలంటే లైసిన్ హైడ్రోక్లోరైడ్ వాడాలి. అందులో లైసిన్ సుమారు 78 శాతం కాబట్టి క్వింటాలుకు దాదాపు 206 గ్రాములు పడుతుంది. దాంతో క్లోరైడ్ కూడా పెరుగుతుంది. ఉప్పులో కొంత తగ్గించి తినే సోడా వేయండి, లేకపోతే పెంకు నాణ్యత దెబ్బతింటుంది. స్ఫటిక రూపంలోని లైసిన్, మిథియోనిన్ దాదాపు పూర్తిగా శోషణ చెందుతాయి. నా అభిప్రాయంలో చౌక ప్రోటీన్లు వాడి, లోటును వీటితో పూడ్చుకోవడమే ఈ ధరల్లో తెలివైన దారి.

పాత పౌల్ట్రీ మాస్టారు

మేతమిల్లు గారి లెక్కతో నాకు పేచీ లేదు, చివరి వాక్యంతో ఉంది.

స్ఫటిక లైసిన్‌ను విడగొట్టాల్సిన పని లేదు కాబట్టి పేగు మొదట్లోనే చకచకా రక్తంలోకి వెళ్లిపోతుంది. ప్రోటీన్‌లో బిగుసుకుని ఉన్న మిగతా అమైనో ఆమ్లాలు నెమ్మదిగా, కింది భాగంలో వస్తాయి. కండ గానీ గుడ్డు తెల్లసొన గానీ తయారు కావాలంటే అన్నీ ఒకే సమయంలో అందాలి. ముందు వచ్చిన లైసిన్ జతగాళ్ల కోసం ఎంతసేపు ఆగుతుంది? కాలేయం దాన్ని విరగ్గొట్టి నత్రజనిని యూరిక్ ఆమ్లంగా పారేస్తుంది. రోజంతా కొద్దికొద్దిగా తినే కోడిలో ఈ తేడా తక్కువ. రోజుకు రెండుసార్లే మేత వేసి తొట్టి ఖాళీగా ఉంచే ఫారాల్లో ఎక్కువ. స్ఫటిక అమైనో ఆమ్లాలు వాడండి, కానీ ప్రోటీన్‌ను నానాటికీ కోసుకుంటూ పోయి అంతా వాటితోనే నడపవచ్చని అనుకోకండి. బ్రాయిలర్లలో ప్రోటీన్ మరీ తగ్గిస్తే, అత్యవసర అమైనో ఆమ్లాలన్నీ లెక్క ప్రకారం ఇచ్చినా ఎదుగుదల తగ్గుతుందని ఎన్నో ప్రయోగాల్లో కనిపించింది. గ్లైసిన్, సెరిన్ చాలకపోవడం అందుకు ఒక కారణం. ఒక్కో యూరిక్ ఆమ్ల అణువు కట్టడానికి ఒక గ్లైసిన్ ఖర్చవుతుంది.

ఆర్జినిన్‌ను కూడా మరిచిపోవద్దు. మన శరీరంలో యూరియా చక్రం ఉంది కాబట్టి కొంత ఆర్జినిన్‌ను మనమే తయారు చేసుకుంటాం. కోడికి ఆ చక్రం పూర్తిగా లేదు, ఆర్జినిన్ అంతా మేత నుంచే రావాలి. లైసిన్, ఆర్జినిన్ ఒకే వాహకం కోసం పోటీ పడతాయి. అంతకంటే ముఖ్యంగా, లైసిన్ మితిమీరితే మూత్రపిండాల్లో ఆర్జినేజ్ ఎంజైము పెరిగి ఉన్న ఆర్జినిన్‌ను విరగ్గొడుతుంది. లైసిన్ డబ్బా చేతిలో ఉంది కదా అని లెక్కకు మించి వేస్తే ఇంకో లోటు తెచ్చుకున్నట్టే.

మేతమిల్లు

మాస్టారూ, ఆర్జినిన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ సమయం తేడా గురించి మీరు చెప్పింది లేయర్ రైతును అనవసరంగా భయపెడుతుందేమో. మా దగ్గర మేత తీసుకునే ఫారాల్లో తొట్టి ఖాళీ కావడం అరుదు. లోటు తెలిసి కూడా పూడ్చకపోతే జరిగే నష్టం ముందు ఈ తేడా చిన్నది.

పాత పౌల్ట్రీ మాస్టారు

తొట్టి ఖాళీ కాని ఫారానికి మీ మాటే సరి. ఖాళీ అవుతుందో లేదో రైతు గారు చెప్పాలి.

కడప బ్రాయిలర్

మధ్యలో నా బాధ కూడా చెప్పుకుంటాను. మాకు మేత కంపెనీ నుంచే వస్తుంది, ఫార్ములా మా చేతిలో లేదు. అయినా కొన్ని బ్యాచులు బరువు రావు, లిట్టర్ తడిసి ముద్దవుతుంది. పక్క షెడ్డులో అదే మేత, అదే పిల్ల, బరువు మాత్రం బాగా వస్తుంది. అప్పుడు తప్పు మేతది కాదు కదా?

పశువైద్యుడు, చిత్తూరు

పేగుది కావచ్చు. రక్తపారుడు అంటే అందరూ రెట్టలో రక్తం కోసం చూస్తారు. రక్తం కనిపించేది ముఖ్యంగా ఐమీరియా టెనెల్లా అనే పరాన్నజీవి అంధనాళాలను పాడుచేసినప్పుడు. శోషణను దెబ్బతీసేవి వేరు. ఐమీరియా ఎసర్వులినా ఆంత్రమూలంలో చేరుతుంది, గోడ మీద తెల్లటి అడ్డగీతలు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. ఐమీరియా మాక్సిమా జెజునం మధ్యలో ఉంటుంది. ఇవి చూషకాలను పొట్టివి చేస్తాయి, వాహకాలున్న కణాలు పక్వానికి రాకముందే రాలిపోతాయి. కోడి చావదు, రక్తం పడదు, బరువు మాత్రం రాదు.

శోషణ కాని ప్రోటీన్ కిందికి వెళ్లి క్లోస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది, దాంతో నెక్రోటిక్ ఎంటరైటిస్, అంటే పేగు గోడ కుళ్లే జబ్బు మొదలవుతుంది. తడి లిట్టర్‌లో యూరిక్ ఆమ్లం అమోనియాగా మారుతుంది, అదే తడిలో ఐమీరియా గుడ్లు పక్వమవుతాయి. ఈసారి బరువు రాని బ్యాచులో రెండు మూడు కోళ్లను కోయించి పేగు మొదటి నుంచి చివరి వరకు తెరిపించి చూడండి. అంధనాళాలు మాత్రమే చూసి ఆపవద్దు.

మెదక్ నాటుకోళ్లు

నేను పెరట్లో నాటుకోళ్లు, కొన్ని గ్రామప్రియ కోళ్లు పెంచుతాను. నూకలు, తవుడు, అజొల్లా, దొరికినప్పుడు చెదలు, ఈ మధ్య నల్ల సైనిక ఈగ పురుగులు పెడుతున్నాను. పురుగుల్లో ప్రోటీన్ చాలా ఎక్కువ అంటారు. అదంతా కోడికి దక్కుతుందా అమ్మా?

పరిశోధక విద్యార్థిని, పౌష్టికాహార విభాగం

పురుగుల ప్రోటీన్ మంచిదేనండీ, లైసిన్ కూడా బాగా ఉంటుంది. అంకె దగ్గర మాత్రం జాగ్రత్త. పురుగు పై తొడుగులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంది. 6.25తో గుణిస్తే అదీ ప్రోటీన్ కింద పడిపోతుంది. ఈ పురుగులకు 4.76 గుణకం వాడాలని పరిశోధకులు సూచించారు. కోడి గ్రంథి జీర్ణాశయంలో కైటిన్‌ను కొంత విరగ్గొట్టే ఎంజైము ఉంది కాబట్టి పురుగు తొడుగు వల్ల హాని లేదు.

అజొల్లా పచ్చిగా ఉన్నప్పుడు తొంభై శాతానికి పైగా నీరే. పొడిగా లెక్కేస్తే ప్రోటీన్ బాగానే కనిపిస్తుంది, కానీ పీచు ఎక్కువ. ఆ ప్రోటీన్‌లో చాలా భాగం మొక్క కణాల గోడల మధ్య ఉండిపోయి, కోడి ఎంజైములకు అందకుండానే పోతుంది. పెరటి కోడికి రుచికి, పచ్చదనానికి పెట్టండి. పురుగులు, చెదలు దొరికిన రోజున మాత్రం మొదటి వాటా పిల్లలకు ఇవ్వండి. పొదిగిన తొలి వారంలో పిల్ల శరీరం కంటే పేగు వేగంగా పెరుగుతుంది, అప్పుడు అందిన మేత పేగుకే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అనపర్తి లేయర్ రైతు

మాస్టారు అడిగినదానికి జవాబు: మా తొట్టి మధ్యాహ్నం కాసేపు ఖాళీ అవుతుంది. ఈ వారం నుంచి అలా కాకుండా చూస్తాను. ముదురు రంగు సరుకు ఆపేశాం. సోయా సగం వెనక్కి తెచ్చాం, లైసిన్ మేతమిల్లు గారు చెప్పిన లెక్కలో సగం వేస్తున్నాం. డీడీజీఎస్ ల్యాబ్‌కు పంపుతున్నాను. ఏం పరీక్షలు అడగాలి? సోయా చెక్కకు కూడా ఏమైనా చేయించాలా?

పశువైద్యుడు, చిత్తూరు

డీడీజీఎస్‌కు ముడి ప్రోటీన్‌తో పాటు మొత్తం లైసిన్, వీలైతే చర్యాశీల లైసిన్ (చక్కెరలతో అతుక్కోకుండా మిగిలినది) అడగండి. మొత్తం లైసిన్‌ను ముడి ప్రోటీన్‌తో భాగించి చూసుకోండి. లోడు లోడుకూ ఆ నిష్పత్తి పడిపోతుంటే ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువవుతోందని అర్థం. యూరియా పరీక్ష, అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్ష కూడా చేయించండి. ధాన్యంలోని పిండి ఆల్కహాల్‌గా పోయాక మిగిలినదంతా సుమారు మూడు రెట్లు చిక్కబడుతుంది, విషమూ అంతే.

సోయాకు రెండు పరీక్షలు. యూరియేజ్ పరీక్షలో పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 మధ్య ఉండాలి. అంతకు మించితే సోయా పచ్చిగా ఉందని, అందులోని ట్రిప్సిన్ నిరోధకం ఇంకా బతికే ఉందని గుర్తు. అలాంటి సోయా తిన్న కోడిని కోస్తే క్లోమం ఉబ్బి కనిపిస్తుంది, ట్రిప్సిన్ చాలక ఇంకా ఇంకా తయారు చేస్తూ అలసిపోతుంది. యూరియేజ్ సున్నా వస్తే సంతోషించకండి, మాడిందేమో చూడాలి. దానికి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ప్రోటీన్ కరిగే శాతం అడగండి. 78 నుంచి 85 మధ్య ఉంటే మంచి సరుకు. 70 దాటకపోతే ఆ లోడు దింపుకోవద్దు.

నమూనా ఒకే బస్తా నుంచి తీయకండి. లోడులో పైన, మధ్య, అడుగు బస్తాల నుంచి తీసి కలిపి, అందులోంచి అరకిలో పంపండి. ఇంకో అరకిలో సీలు వేసి, తేదీ రాసి మీ దగ్గర పెట్టుకోండి.